పావు చెంచా చొప్పున పంచదార తగ్గించండి

నలభై అయిదేళ్ళ గుమాస్తా ఒకాయన క్రిందటి సంవత్సరం మా ఆసుపత్రికి వచ్చాడు. పరగడుపున చేసిన పరీక్షలో రక్తంలో చక్కెర 112 వున్నది. ఇది మధుమేహం కాదు, దాని గుమ్మం. ఆయన తండ్రికి ఈ జబ్బుతోనే కాలు తీసేశారు. ఆ భయంతో ఆయన ఆ రోజే పంచదార పూర్తిగా మానేశాడు. తొమ్మిది రోజులు చేదు కాఫీని కషాయంలా మింగాడు. పదోరోజున బంధువుల పెళ్ళిలో నాలుగు లడ్డూలు తిని, మర్నాటినుంచి మళ్ళీ కాఫీలో రెండేసి చెంచాలు మొదలుపెట్టాడు. "నావల్ల కాదు డాక్టరుగారూ!" అన్నాడు.

తప్పు ఆయనది కాదు, పద్ధతిది. నాలుక ఎంత తీపికి అలవాటుపడితే అంత తీపీ కోరుతుంది. కొద్దికొద్దిగా తగ్గిస్తూ వస్తే కొన్ని వారాల్లో ఆ తక్కువతోనే సరిపెట్టుకుంటుంది.

ముందు లెక్క చూడండి

మీ ఇంటి పచారీ సరుకుల చీటీ తీయండి. నలుగురున్న ఇంటికి నెలకు అయిదు కిలోల పంచదార వస్తున్నదనుకుందాం. అంటే మనిషికి రోజుకు సుమారు 42 గ్రాములు. బిస్కెట్లు, కూల్ డ్రింకులు, బజారు మిఠాయిలు ఇందులో చేరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారం, పెద్దవారికి ఇవన్నీ కలిపి రోజుకు సుమారు 50 గ్రాములు మించకూడదు. 25 గ్రాముల లోపు వుంటే మరీ మంచిది. 300 మిల్లీలీటర్ల కూల్ డ్రింకు ఒక్కదానిలోనే 30 గ్రాములకు పైగా వుండవచ్చు.

"మేము బెల్లమే వాడతాం, తేనే వాడతాం" అంటారు కొందరు. ఈ లెక్కలో అవీ పంచదారతో సమానమే. పండును పండుగా తినండి. రసం తీసి తాగితే అదీ ఈ లెక్కలోకే వస్తుంది.

తగ్గించే పద్ధతి

మొదట కాఫీ, టీలతో ప్రారంభించండి. చెంచాను గుట్టగా కాక, అంచుకు సమంగా కొలవండి. రెండు చెంచాలు వేసుకునేవారు పదిహేను రోజులకొకసారి పావు చెంచా తగ్గించండి. మూడు నెలలకు అర చెంచాకు వస్తారు. ఇంటిల్లిపాదీ కలిసి తగ్గిస్తే ఎవరికీ లోటు తోచదు.

తరువాత దాహానికి కూల్ డ్రింకు బదులు మంచినీళ్ళు, మజ్జిగ అలవాటు చేయండి. పిల్లల పాలలో కలిపే పొడి డబ్బామీద చక్కెర ఎంతో చదవండి. అందులో తీపి వుండగా పైన మరో చెంచా దేనికి?

పండగనాడు పరమాన్నం మానవద్దు. కాని పండగ మిఠాయి పండగతోనే అయిపోవాలి. అరిసెల డబ్బా వారం రోజులు ఎదురుగా వుంటే, వచ్చేపోయే చెయ్యి అందులోకే వెళుతుంది.

పులుసులో వేసే చిన్న బెల్లం ముక్క గురించి ఆలోచించకండి. తగ్గించవలసింది రోజూ నాలుగైదుసార్లు తెలియకుండా లోపలికి పోయేదాన్ని.

ఒక హెచ్చరిక

మధుమేహానికి ఇన్సులిన్ గాని, మాత్రలు గాని వాడేవారు మీ డాక్టరుకు చెప్పి ఆహారం మార్చండి. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగితే రక్తంలో చక్కెర పడిపోయిందేమోనని అనుమానించాలి. మనిషి తెలివిలో వుంటే వెంటనే మూడు చెంచాల గ్లూకోజు గాని, పంచదార గాని నీళ్ళలో కలిపి తాగించండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అప్పుడు పంచదారే మందు.

అలాగని పంచదార తగ్గిస్తే చాలుననుకోకండి. అన్నం పరిమాణం, నడక, బరువు కూడా చూసుకోవాలి.

ఆ గుమాస్తా ఇల్లాలు సరుకుల చీటీలో పంచదారను అయిదు కిలోలనుంచి రెండుకు తెచ్చింది. అందుకు ఆరు నెలలు పట్టింది. ఆయన సాయంత్రాలు నడుస్తున్నాడు కూడా. మొన్నటి పరీక్షలో చక్కెర 98. దారిలో ఎవరో ఇచ్చిన టీ తాగలేక పారబోశాడట. "మరీ తీపి డాక్టరుగారూ!" అన్నాడు.

వచ్చే నెల సరుకుల చీటీ రాసేటప్పుడు మీరూ ఒక అర కిలో తగ్గించి రాయండి.