మా హాస్టలు కాగితాల మీద ఇల్లే!

పోయిన ఆదివారం మా దమ్మాయిగూడ కాలనీ మీటింగులో ఒక పెద్దాయన లేచి "ఈ హాస్టళ్ళన్నీ మూయిస్తే గానీ కాలనీ బాగుపడదు" అన్నారు. చప్పట్లు కూడా పడ్డాయి. నాలుగేళ్ళు అలాంటి హాస్టల్లోనే ఉన్నవాణ్ణి, నాకు మాత్రం చేతులు రాలేదు.

ఆయన బాధలు అబద్ధం అనను. రోడ్డంతా బైకులు, పొంగే డ్రైనేజీ, అర్ధరాత్రి గోల... అన్నీ నిజమే. కానీ ఆ హాస్టళ్ళలో ఉండేదెవరు? చర్లపల్లి, నాచారం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్ళు, ఘట్‌కేసర్ వైపు కాలేజీల పిల్లలు. "బ్యాచిలర్లకు ఇల్లు ఇవ్వబడదు" అని గేటుకి బోర్డు పెట్టేదీ మనమే, వాళ్ళు హాస్టల్లో చేరితే గొడవ పడేదీ మనమే. ఇంకెక్కడ పడుకోవాలండీ, జవహర్‌నగర్ డంపింగ్ యార్డులోనా?

నా గొడవ వేరే. నేనున్న హాస్టలు మూడంతస్తుల మామూలు ఇల్లు. గదికి అయిదు మంచాలు. కింద మెట్ల పక్కనే వంట, గ్యాసు సిలిండర్లు. రాత్రి పదకొండు దాటితే మెట్ల దగ్గర గ్రిల్లుకి తాళం. తాళంచెవి ఓనరు దగ్గర, ఆయనుండేది పక్క వీధిలో. "రాత్రి ఏమైనా అయితే ఎట్లా అన్నా?" అనడిగితే "ఇన్నేండ్ల సంది ఏమన్నయిందా తమ్మీ?" అన్నాడు.

2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి. 8 మంది పోయారు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద కెమికల్ డ్రమ్ములు, పైన కాపురాలు. 9 మంది పోయారు. అక్కడా అంతకుముందు రోజు దాకా ఏమీ కాలేదు మరి!

అసలు కిటుకు ఎక్కడుందంటే, నివాస భవనమైతే 18 మీటర్ల ఎత్తుకి చేరితేనే ఫైర్ ఎన్ఓసీ అడుగుతారు. మూడంతస్తుల ఇల్లు అంత ఎత్తు ఎక్కడుంటుంది? అందులో అయిదుగురున్నా యాభై మందున్నా కాగితం మీద ఇల్లే. అదే పన్ను దగ్గరికి రండి. 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ మనిషికి నెలకి 20,000 లోపు అద్దె, కనీసం 90 రోజుల బస అయితే పన్ను లేదంది. అంటే పన్నుకి తలల లెక్క, ప్రాణానికి గోడల లెక్క!

ఈ లెక్క లేకపోతే ఏమవుతుందో 2020 మార్చి 25న చూశాం. అప్పుడు నాది ఫైనలియర్. లాక్‌డౌన్ రాగానే హాస్టళ్ళు ఖాళీ చెయ్యమన్నాయి. వేలమంది పాసుల కోసం పోలీసు స్టేషన్ల ముందు నిలబడ్డారు. పాసు దొరికినవాళ్ళని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రా వాళ్ళు ఆపేశారు. ఖాళీ చేయించొద్దని సర్కారు చెప్పింది, కానీ జనం రోడ్డెక్కాక. ఆ పెద్దాయన అడిగినట్టు రాత్రికి రాత్రి మూయిస్తే మళ్ళీ అదే సీను.

బెంగళూరు కార్పొరేషన్ 2024 ఆగస్టులో పీజీలకి రూల్సు పెట్టింది. మనిషికి కనీసం 70 చదరపు అడుగులు, రోజుకి 135 లీటర్ల నీళ్ళు. అన్నీ అమలయ్యాయని నేననడం లేదు. కానీ రాసి ఉంటే చూపించి అడగొచ్చు కదా.

2025 డిసెంబరులో దమ్మాయిగూడతో సహా 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లని గ్రేటర్‌లో కలిపారు. బోర్డు మారింది, సంతోషం. ఇప్పుడు హాస్టలుకి మంచాల లెక్కన లైసెన్సు ఇవ్వండి. ఆ లెక్క గేటు మీద పెద్దక్షరాలతో రాయించండి. గ్రిల్లు లోపల్నించి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి. సిలిండర్లు మెట్ల దగ్గర ఉండకూడదు. మూయించాల్సి వస్తే నెల గడువు, అడ్వాన్సు వాపసు ఇప్పించాకే మూయించండి.

అద్దె పెరుగుతుందంటారా? పెరగొచ్చు. నెలకి అయిదొందలు ఎక్కువైనా నేనిచ్చేవాణ్ణి, ఆ తాళం లేకపోతే.

వచ్చే మీటింగులో లేచి ఇదే చెప్తాను. చప్పట్లు పడవని తెలుసు. పెద్దాయనా, మీ అబ్బాయి కూడా పుణెలో పీజీలోనే ఉన్నాడన్నారు కదా... అక్కడ రాత్రిళ్ళు గ్రిల్లుకి తాళం వేస్తారేమో ఒకసారి ఫోన్ చేసి అడగండి.