‘గుడ్లు తినమ్మా’ అని పంపించేస్తే కుదరదు

మా పిన్ని రక్త పరీక్ష కాగితంలో ఆల్బుమిన్ 2.4 అని ఉంది. కాళ్లు వాచి, పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బి ఉంటే, రేపల్లెలో రైలెక్కించి తెనాలి తీసుకెళ్లాం. అక్కడ ఒక ఆసుపత్రిలో ఆ కాగితం చూసిన డాక్టరు అడిగిన మొదటి మాట: “తాగుతావా?” రెండో మాట: “మీవాళ్లు సరిగా తినరు. గుడ్లు తినమ్మా.” అంతే, అయిపోయింది. మూత్ర పరీక్ష రాయలేదు.

మా పిన్ని జన్మలో మందు చుక్క ముట్టలేదు. రోజూ చేపో, పీతో తినే మనిషి.

తర్వాత ఇంకొకచోట “ఆల్బుమిన్ బాటిల్ ఎక్కిస్తే నెంబరు పెరుగుద్ది” అన్నారు. వేల రూపాయలు. రొయ్యల చెరువు కాడ అడ్వాన్సు తీసుకుని ఎక్కించాం. నాలుగు రోజులకు వాపు మళ్లీ వచ్చింది. చివరికి మూడోచోట ఒక నర్సమ్మ చిన్న డబ్బా చేతికిచ్చి మూత్రం పట్టుకు రమ్మంది. అప్పుడు తేలింది. ఒంట్లో తయారైన ఆల్బుమిన్ కిడ్నీల్లోంచి కారిపోతోంది. కుండకు చిల్లు ఉంటే ఎన్ని బిందెలు పోసి ఏం లాభం?

నేను డిగ్రీ చదివాను. ఆ కాగితం నాకూ అర్థం కాలేదు. అందుకే ఇది రాస్తున్నా.

ఆల్బుమిన్ అంటే మన లివర్ తయారు చేసే ప్రోటీన్. రక్తంలోని నీటిని రక్తనాళాల్లోనే పట్టి ఉంచుతుంది. అది బాగా తగ్గితే నీరు బయటికి జారి కాళ్లు, ముఖం, పొట్ట వాస్తాయి. పెద్దవాళ్లలో మామూలుగా డెసిలీటరుకు 3.5 నుంచి 5 గ్రాముల దాకా ఉంటుంది. ల్యాబును బట్టి కొంచెం అటూ ఇటూ. గర్భిణుల్లో కాస్త తగ్గడం మామూలే. కానీ ముఖం, చేతులు వాచి బీపీ పెరిగితే ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తగ్గిందంటే కారణం ఒక్కటే కాదు. లివర్ దెబ్బతిని తయారు చేయలేకపోవచ్చు. కిడ్నీ వదిలేస్తుండవచ్చు. పేగుల్లోంచి పోతుండవచ్చు. టీబీ లాంటి ఇన్ఫెక్షన్ ఒంట్లో ఉన్నా పడిపోతుంది. లివర్ దెబ్బతినడానికీ సారా ఒక్కటే కారణం కాదు, హెపటైటిస్ బి, సి కూడా ఉన్నాయి. తిండి తక్కువైతే మనిషి బక్కచిక్కిపోతాడు నిజమే, కానీ ఆల్బుమిన్ ఒక్కదాన్ని చూసి “తిండి లేదు” అని తేల్చలేం. పెరిగితే చాలాసార్లు ఒంట్లో నీళ్లు తగ్గాయని అర్థం. ఎండలో ఇటుక బట్టీ దగ్గర పనిచేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

కాబట్టి ఆ అంకె జవాబు కాదు, ప్రశ్న. మరి మనల్ని చూడగానే ప్రశ్న మానేసి జవాబు చెప్పేస్తారెందుకు?

బాపట్ల పక్కనే స్టూవర్టుపురం ఉంది. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకల వాళ్లను కాపలా పెట్టి ఉంచిన సెటిల్‌మెంట్. ఆ చట్టం 1952లో రద్దయింది. ముద్ర రద్దు కాలేదు. అప్పుడు పుట్టుకతోనే దొంగలన్నారు. ఇప్పుడు యానాది, ఎరుకల అనగానే తాగుబోతులు, తిండి తెలియనివాళ్లు అంటున్నారు. ఆ ముద్ర చూసి పరీక్ష రాయకపోతే అది వైద్యం కాదు, తీర్పు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. “ఆల్బుమిన్ నార్మల్, ఇంటికి పో” అన్నా నిశ్చింతగా ఉండొద్దు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను తిన్నదో మీకు తెలుసు. ఎ.కొండూరు తండాల్లో మన లంబాడీ బిడ్డలు ఎలా అల్లాడుతున్నారో చూస్తున్నాం. ఉద్దానం తరహా జబ్బులో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోకపోవచ్చు. క్రియాటినిన్ పరీక్ష కూడా చేస్తేనే బయటపడుతుంది.

అందుకని తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి మీ అమ్మతో, తాతతో ఆసుపత్రికి వెళ్లినప్పుడు మౌనంగా నిలబడొద్దు. ఈ నాలుగూ అడగండి:

1. ఆల్బుమిన్ ఎందుకు తగ్గింది? లివర్‌ వల్లా, కిడ్నీ వల్లా, ఇన్ఫెక్షన్‌ వల్లా?
2. మూత్రంలో ఆల్బుమిన్ చూశారా? క్రియాటినిన్ ఎంత?
3. బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, హెపటైటిస్ పరీక్షలు అయ్యాయా?
4. బాటిల్ ఎందుకు ఎక్కిస్తున్నారు? (లివర్ జబ్బులో పొట్ట నీరు తీసినప్పుడు లాంటి అవసరాలు ఉంటాయి. నీరసానికి అది మందు కాదు.)

ప్రతి కాగితం దాచండి. మూత్రం నురగ కడుతూ ముఖం ఉబ్బితే ఆలస్యం చేయొద్దు. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలో మొదటి హక్కే సమాచారం తెలుసుకునే హక్కు. దయతో చెప్పేది కాదు, చెప్పి తీరాల్సింది.

డాక్టర్లందరూ చెడ్డవాళ్లని నేననను. డబ్బా చేతికిచ్చిన ఆ నర్సమ్మ కూడా ఆ వ్యవస్థలో మనిషే. ఆమె మా కులం అడగలేదు, జబ్బు ఎక్కడుందో వెతికింది. మేం అడుగుతున్నదీ అంతే.

పిన్ని ఇప్పుడు మందులు వాడుతోంది. వాపు తగ్గింది. కానీ చెరువు కాడ తీసుకున్న అడ్వాన్సు ఇంకా తీరలేదు. ఒక్క మూత్ర పరీక్ష ముందే రాసి ఉంటే ఆ అప్పు ఉండేది కాదు.

జై ఆదివాసీ!