దస్తావేజునకు బట్టా యెందుకు?

వ్రాసిన దానిని చదువవలసినవాడు చదువలేనిచో నా వ్రాత వ్యర్థము. ఇది చదువురాని కాలమునాటి మాట యని పాఠకులు తలంపవచ్చును. కాని యింటింట కంప్యూటరును, చేతిచేత ఫోనును గల యీ దినములలోనే, మన నగరమున నొకచోట సిద్ధమైన తెలుగు పత్రము వేఱొకచోట దెఱచునప్పటికి పిచ్చిగీతల మూట యగుచున్నది. ఇది చిన్న యిబ్బంది యని యుపేక్షించుటకు వీలులేదు. మన భాష గౌరవమునకును, ప్రజల దస్తావేజుల భద్రతకును సంబంధించిన విషయ మిది.

మా యెఱుకలోని సంగతి యొకటి చెప్పెదము. పురానాపూల్ దరిదాపుల నివసించు నన్నదమ్ములు మువ్వురు పెద్దల యింటిని పంచుకొనుటకు సమాధానపడి, పంపకపు దస్తావేజు చిత్తును మాచేత వ్రాయించుకొని, యొక డీటీపీ దుకాణమున తెలుగున టైపు చేయించిరి. దిద్దుబాట్లు చేయవలసినప్పటికి ఆ దుకాణము మూతబడెను. ఫైలు మాత్రము పెన్‌డ్రైవులో భద్రముగా నుండెను. మఱియొక దుకాణమున దానిని దెఱవగా తెలుగక్షర మొక్కటియు గానరాదు. రోమను అక్షరములును, ఖాళీ గడులును పుటలనిండ గనబడెను. పదునాలుగు పుటలు మొదటినుండి తిరిగి టైపు చేయవలసి వచ్చెను. ఆ తొందరలో నొక వాటా తూర్పుహద్దు పడమటిహద్దుగా మాఱెను. రిజిస్ట్రేషను నాటి యుదయమున నా తప్పు మా కంటబడుటచే సరిపోయినది. పడకున్నచో నొక తరము నడచు వ్యాజ్యమునకు బీజము పడియుండెడిది. దోషము అన్నదమ్ములది కాదు, టైపు చేసినవానిది కాదు. మఱి యెవరిది?

దోషమునకు మూల మిది. తెలుగు అచ్చుకూర్పు సీసపు టక్షరములను విడిచి కంప్యూటరును జేరిన తొలిదినములలో నా యంత్రమునకు తెలుగక్షరమన నేమో తెలియదు. ఒక్కొక్క ఫాంటులో 256 గడులు మాత్రమే. అవియు రోమను లిపికై యేర్పడినవి. మన ఫాంటు నిర్మాతలు నేర్పుతో నా గడులలో తలకట్టులను, గుడులను, కొమ్ములను, ఒత్తులను ముక్కలు ముక్కలుగా నింపిరి. అందువలన ఫైలులో దాగియున్నది రోమను అక్షరపు సంఖ్య. తెరపై గనబడునది తెలుగు బొమ్మ. ఆ ఫాంటున్న యంత్రమున నది తెలుగు. లేని యంత్రమున నది యర్థరహితము. పైగా "అను" ఫాంట్ల యమరిక యొకటి, "శ్రీలిపి" యమరిక వేఱొకటి. దారి లేనినాడు వారు దారి జూపిరి. తెలుగు ముద్రణకు వారు చేసిన యుపకారమును మఱచుట కృతఘ్నత. కాని యేఱు దాటించినది గదా యని తెప్పను నెత్తిన మోయుచు నడచుట వివేకము గాదు.

హైదరాబాదు సంస్థానపు ముచ్చటలు పెద్దల నోట విన్నవారికి హాలీ సిక్కా, కల్దారు అను రెండు నాణెముల సంగతి తెలియును. ఇక్కడి రూపాయి హాలీ; బ్రిటిషిండియా రూపాయి కల్దారు. ఏడు హాలీలకు ఇంచుమించుగా ఆఱు కల్దార్లు. సరిహద్దు దాటిన ప్రతివాడును సాహుకారునకు బట్టా చెల్లింపవలసినదే. 1948లో సంస్థానము భారతదేశమున గలసిన పిదప హాలీ సిక్కా క్రమముగా దొలగెను. 1957 ఏప్రిలు 1 నుండి దేశమంతట నూఱు పైసల రూపాయి చెల్లుబడి యయ్యెను. బట్టా బాధ తీఱెను. నేడు మన యక్షరములకు మరల నా బాధ దాపురించినది. ఒక ఫాంటునుండి మఱియొక ఫాంటునకు మార్చు సాధనములు గలవు, నిజమే. కాని మార్పిడిలో నొకచోట ఒత్తు జాఱును, నొకచోట గుణింతము తప్పును. సరిచూచుటకు మనిషి కావలెను, కాలము కావలెను, డబ్బు కావలెను. ఇది బట్టా గాక మఱేమి?

చెల్లుబడి యగు నాణెము లేకపోలేదు. 1991లో యూనికోడు మొదటి కూర్పు వెలువడెను. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వఱకు 128 స్థానములు కేటాయింపబడినవి. "క" యను నక్షరము సంఖ్య 3093. పురానాపూల్‌లో దాని సంఖ్య 3093. మారిషసులోని తెలుగువాని యింటను 3093యే. అక్షరము వేఱు, దాని రూపము వేఱు. సంఖ్య స్థిరమైనచో రూప మెవరి యభిరుచికి దగినట్లు వారు మార్చుకొనవచ్చును. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన 2000, వేమన 2000 అను ఫాంట్లను రూపొందించి యుచితముగా నొసగిరి. 2003 డిసెంబరున నారంభమైన తెలుగు వికీపీడియా యీ పునాదిపైననే నిలిచినది. నేడు ఫోనులో తెలుగున నుత్తరము వ్రాయు బాలుడు తాను వాడునది యూనికోడని యెఱుగకయే దానిని వాడుచున్నాడు. బాలునకు సాధ్యమైనది మన ముద్రణాలయములకును, కార్యాలయములకును సాధ్యము గాదా?

ఇది తెలుగువారి బాధ మాత్రమే కాదు. పాతబస్తీలోని యుర్దూ సోదరులు 1990ల నుండి ఇన్‌పేజ్ అను సాధనముతో తమ నస్తాలీఖు లిపిని సొంపుగా నచ్చొత్తించుకొనుచున్నారు. దాని పాత ఫైళ్లును అన్య సాధనములలో దెఱచుకొనవు. చార్‌కమాను దగ్గఱ శుభలేఖ యచ్చువేయు నుర్దూ కూర్పరికిని, తెలుగు కూర్పరికిని కష్ట మొక్కటియే. కావున నివారణ కోరుటలో నిరువురును నొక్కటి కావలెను.

అక్షరము కుదిరినంత మాత్రమున పత్రము కుదిరినట్లు గాదు. పుట యంచులు, పట్టికలు, పేరాల సంఖ్యలు, అడుగు సూచికలు ఫైలులో నే విధముగా గట్టబడినవో తెలిసిననే గాని వేఱొక సాధనము దానిని సరిగా విప్పలేదు. వర్డు పాత ఫైళ్ల కట్టుబడి వివరములు 2008లో గాని యందఱకు బహిరంగముగా లభింపలేదు. అంతకు మునుపే, 2006లో ఓపెన్ డాక్యుమెంటు అను రూపము అంతర్జాతీయ ప్రమాణమైనది. లిబ్రె ఆఫీసు వంటి యుచిత సాధనములు దానినే వాడును. 2008లో వర్డు క్రొత్త రూపమునకును ప్రమాణహోదా లభించెను. ఆ ప్రతిపాదనకు భారతదేశము వ్యతిరేకముగా వోటు చేసెను. ఒకే పనికి రెండు ప్రమాణము లుండుటచే ఫలిత మేమి? ఒకదాన వ్రాసినది వేఱొకదాన దెఱచినచో పట్టిక జరుగును. ఫాంటు లేనిచో నింకొక ఫాంటు దాని స్థానమున గూర్చుండి పుటలను పెంచును లేదా తగ్గించును. "పండ్రెండవ పుట చిత్తగింపుడు" అని వకీలు మనవి చేయునప్పుడు న్యాయమూర్తి చేతిలోని పండ్రెండవ పుట వేఱైనచో నా వాదము గతి యేమి?

మన ప్రభుత్వమునకు విషయము తెలియక కాదు. 2009లో కేంద్రప్రభుత్వము ఈ-పరిపాలనకు యూనికోడును ప్రమాణముగా ప్రకటించెను. 2010 నవంబరున బహిరంగ ప్రమాణముల విధానమును గూడ ప్రకటించెను. బ్రిటను ప్రభుత్వము 2014 జులైలో, దిద్దదగిన పత్రములకు ఓపెన్ డాక్యుమెంటు రూపమును, చదువుటకు మాత్రమైన వానికి పీడీఎఫ్‌ను నిర్ణయించుకొనెను. విధానము కాగితముపై నున్నంత మాత్రమున చాలదు. గుమాస్తా బల్లమీదికి రావలెను.

"పుటలు కూర్చు పాత సాధనములు యూనికోడు నెఱుగవు; మా పని యెట్లు సాగును?" అని ముద్రాపకు లడుగుదురు. పేజిమేకరు చివరి కూర్పు 2001లో వెలువడినది. దానికి బిడ్డలు పుట్టి పెద్దవారైరి. యూనికోడు తెలుగును సరిగా గూర్చు సాధనములు నేడు గలవు. "మా వ్రేళ్లు పాత మీటలకు అలవడినవి" అని కూర్పరు లందురు. ఇది న్యాయమైన మాట. దినకూలిపై బ్రతుకువాడు నెలనాళ్లు పని మాని క్రొత్త విద్య నేర్వలేడు. పాత మీటల యమరికతోనే యూనికోడు అక్షరములను బుట్టించు నుపాయములును గలవు. వానిని నేర్పు బాధ్యత యజమానులది. "శ్రమించి సాధనమును నిర్మించినవానికి లాభము వలదా?" అని మఱికొంద ఱందురు. కలము నమ్మినవాడు కలము వెల తీసికొనుట ధర్మము. ఆ కలముతో వ్రాసిన యుత్తరమునకు తాళము వేసి తాళపుచెవి తనయొద్ద నుంచుకొనుట ధర్మము గాదు.

కావున మా కోరిక లివి. ప్రభుత్వ కార్యాలయములు తెలుగు ఉత్తరువులను స్కాను చేసిన బొమ్మలుగా గాక, వెదకుటకు వీలగు యూనికోడు పాఠముగా బ్రకటింపవలెను. ప్రచురణకర్తలు గడచిన ముప్పదియేండ్ల పుస్తకముల ఫైళ్లను, వానిని దెఱచు యంత్రములు మూలబడక మునుపే, యూనికోడునకు మార్చి సరిచూపించి భద్రపఱుపవలెను. 1901లో నెలకొన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము మొదలుగా గల మన గ్రంథాలయములలో నూఱేండ్లనాటి కాగితము నేటికిని చదువవచ్చును. ఇరువదియేండ్లనాటి ఫైలు చదువరాకుండుట మనకు సిగ్గుచేటు. వకీళ్లును, దస్తావేజు లేఖకులును పుటసంఖ్యకు బదులు పేరాసంఖ్యను పేర్కొనుట యలవఱచుకొనవలెను. దిద్దవలసిన ప్రతి నొకటి, పీడీఎఫ్ ప్రతి నొకటి జతగా నంపవలెను. టైపు చేయించు ప్రతి పౌరుడును దుకాణమున ముందుగా నొక ప్రశ్న వేయవలెను: "ఇది యూనికోడేనా?" అడుగువాడున్నప్పుడే యమ్మువాడు మాఱును.

పురానాపూల్ 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున గట్టబడినది, చార్మినారుకంటె పెద్దది. 1908 మూసీ వరదను జూచినది. బండ్ల రద్దీ ప్రక్కనున్న క్రొత్త వంతెనకు దరలినను కూరగాయల బేరగాండ్రకు నేటికి నది నీడ నిచ్చుచున్నది. ఆ వంతెన దాటువానిని నీ చెప్పు లెవరు కుట్టిరని యే కావలివాడును నడుగలేదు. మన పత్రములు దాటవలసిన వంతెనయు నట్టిదే కావలెను. అన్నదమ్ముల హద్దులు ఫాంటు పాలు గాకుండ కాపాడుకొనుట మన చేతిలోని పని. దానికి ధనము కన్న పట్టుదల యెక్కువ కావలెను.