ట్రినిడాడు వారి భోజనము

భూగోళ పాఠములో ట్రినిడాడు దీవిని గూర్చి మన విద్యార్థులు నేర్చునది మిక్కిలి కొంచెము. దక్షిణ అమెరికా ఖండమునకు ఉత్తరముగా, వెనెజువేలా దేశమునకు ఇంచుమించు ఏడు మైళ్ల దూరమున నున్న చిన్న దీవి. లా బ్రే యను చోట తారు చెరువు కలదు. భూమినుండి నూనె తీయుదురు. పరీక్షకు ఇంతమాత్రము చాలును. క్రికెట్టు ప్రియులైన బాలురు బ్రయన్ లారా పేరును దీనికి చేర్తురు. అయితే ఒక జనమును ఎరుగుటకు ఇది మార్గము కాదనియు, ఆ దీవిని దాని అంగడివీధిలోను వంటయింటిలోను చూచినవాడే నిజముగా చూచినవాడనియు మా యభిప్రాయము. ఇది తిండిపోతుల వాదమని కొందరు నవ్వవచ్చును. నవ్వుదురు గాక.

మేము ఆ దీవిలో నుండిన దినములలో ప్రతి ఉదయమును వీధి మూలలయందు జనులు గుంపుగా మూగియుండుట చూచితిమి. గుమాస్తాలు, కూలివారు, బడిపిల్లలు, పోలీసువారు ఒక చిన్న బండి చుట్టు నిలువబడి 'డబుల్స్' అను ఫలహారము తినుచుందురు. పసుపు కలిపిన గోధుమపిండితో చేసి నూనెలో వేచిన మెత్తని పలుచని రొట్టెలు రెండు, వానిపై సెనగల కూర, మామిడి తురుము పచ్చడి, మిరపకారము, ఇంతే. ఆ రొట్టె పేరు 'బారా'. 1930 దశాబ్దమున ప్రిన్సెస్ టౌను అను ఊరిలో నొక కుటుంబమువారు దీనిని అమ్మసాగిరనియు, ఒక రొట్టెకు మారుగా రెండు వేయుమని కొనువారు కోరుటచే ఆ పేరు కలిగెననియు అచ్చటివారు చెప్పుదురు. అమ్మువాడు కారమెంత వేయవలెనని ముందుగనే అడుగును. గుంటూరు మిరపకాయను తలచి గర్వించువారు అచ్చట "కొంచెము చాలును" అనుట క్షేమము. మొరూగా గ్రామము పేరు గల ఆ దీవి మిరపకాయ ఆనాటికి లోకములో నన్నిటికంటె తీక్ష్ణమైనదని 2012లో అమెరికా పరిశోధకులు ప్రకటించిరి.

'బారా' యను మాట ఉత్తర హిందూస్థానపు మాట. సముద్రములు దాటి అది అంత దూర మెట్లు పోయెను? 1834లో బానిసత్వమును కొట్టివేసిరి. 1838లో ఆఫ్రికా వారు నిజముగా విడుదల పొందిరి. చెరకు తోటల యజమానులకు కూలీలు తక్కువైరి. 1845 మే 30వ తేదీన కలకత్తానుండి ఫతేల్ రజాక్ అను ఓడ మొదటి ఒప్పందపు కూలీలతో అచ్చట దిగెను. 1917 వరకు ఇట్లు పోయినవారు సుమారు 1,40,000 మంది. వారిలో చాలమంది బీహారు ప్రాంతమువారు, కాశీ పరిసరములవారు. చెన్నపట్టణపు రేవునుండి ఓడ యెక్కిన తెలుగువారును అరవవారును కొలదిమందియే. కావుననే మన వంటకముల పేర్లు కాక, దాల్‌పూరి, తల్కారి, చోఖా యను భోజ్‌పురీ పేర్లు అచ్చట నిలిచినవి. దాల్‌పూరి యనగా, మన బొబ్బట్టులోని పూర్ణమునకు తీపి తీసివేసి, పప్పును జీలకర్రతో పొడిచేసి పెట్టినట్టిది. ఇంకొక రొట్టెను పెనముమీదనే కొట్టి పీలికలు చేయుదురు. దానికి వారు పెట్టిన పేరునకు 'చిరిగిన చొక్కా' యని యర్థము! ఇట్టి పేరు పెట్టుకొని నవ్వగల జనమును మేము మిక్కిలి ప్రేమించితిమి.

అయితే ఈ రొట్టెకు మొదటినుండి మర్యాద లేదు. పూర్వము ఆ దీవి పాఠశాలలలో కూలీల పిల్లలు రొట్టెయు కూరయు తెచ్చుకొని, అంగడి రొట్టె తెచ్చుకొను తోటివారు పరిహసింతురని చాటుగా తినెడివారట. నేడు ఆఫ్రికా సంతతివారును, చీనా సంతతివారును, తెల్లవారును అదే రొట్టెకై మధ్యాహ్నమున వరుసగా నిలుచుచున్నారు. పరిహసించిన వారి మనుమలకు అది స్వదేశపు భోజనమైనది. తలిదండ్రులారా, మన బడులలో మధ్యాహ్నపు గంట కొట్టిన పిమ్మట చెట్లక్రింద నొకసారి నిలిచి చూడుడు. రాగి సంకటియో ఎండుచేపయో తెచ్చుకొనిన బాలుడు వీపు త్రిప్పి, మూతను అడ్డము పెట్టుకొని తినుట మీకును కనబడును. వానికి ఆ సిగ్గు ఎవరు నేర్పిరి? పాఠ్యపుస్తకము నేర్పలేదు. పొరుగువాని గిన్నెను గూర్చి మన యింటిలో మనము పలుకు మాటలే నేర్పినవని మేము తలచుచున్నాము.

ఆదివారపు భోజనమున 'కలలూ' అను వంటకము తప్పక యుండును. చేమ ఆకులు, బెండకాయలు, కొబ్బరిపాలు, ఒక్కొక్కప్పుడు పీతయు చేర్చి యుడికించి, మన పప్పుగుత్తివంటి దానితో మెదుపుదురు. 'పెలావ్' మరియొకటి. నూనెలో చక్కెరను నల్లబడువరకు మాడ్చి, అందు మాంసమును వేసి, పిమ్మట బియ్యమును పచ్చి కందిగింజలను చేర్తురు. ఈ కంది మన దేశమున పుట్టి, ఆఫ్రికాకు పోయి, అచ్చటనుండి బానిసల ఓడలతో ఆ దీవులకు చేరినది. మనవారు పోవుటకు ఎంతో ముందుగా మన పంట పోయినది! ఇక క్రిస్మసు పండుగకు ఇంటింట ఇచ్చు ఎఱ్ఱని పానకము 'సోరెల్'. లవంగము, దాల్చినచెక్క, చక్కెర వేసి కాచునది. అది దేనితో చేయుదురని విచారింపగా, మన ఎఱ్ఱగోంగూర మొక్కయొక్క కాయలమీది ఎఱ్ఱని రేకులతో నని తేలినది. మనము ఆకు తిని కాయను గింజలకై విడుతుము. వారు ఆ రేకులకొరకే మొక్కను పెంచుదురు.

ఏ చెరకుకొరకు ఇందరిని తెచ్చిరో ఆ చెరకు నేడు లేదు. చక్కెర పరిశ్రమను నడిపిన కారొనీ యను ప్రభుత్వ సంస్థను 2003లో మూసిరి. వంట మాత్రము నిలిచినది. అయినను ఒకే బండియొద్ద తినుటచేత భేదములన్నియు పోయినవని మేము చెప్పము. ఎన్నికల దినమున అచ్చటి జనులు చాలవరకు తమ తమ పూర్వికుల దేశమును బట్టియే రెండుగా చీలుదురు. డబుల్స్ బండి చేయలేని పని యది. పరిచయము వేరు, న్యాయము వేరు. కాని పరిచయమే లేనిచోట న్యాయమును గూర్చిన మాట యెత్తుటయు కష్టము.

సాన్ ఫెర్నాండో పట్టణమున నపరీమా బాలికల ఉన్నత పాఠశాల యని యొకటి కలదు. కెనడా ప్రెస్బిటీరియను మిషనువారు 1912లో స్థాపించిరి. ఆ పాఠశాలవారు తమ జూబిలీ సందర్భమున 1988లో ఒక వంటల పుస్తకము ప్రకటించిరి. అన్ని జాతుల యిండ్ల వంటలును అందు పక్కపక్కనే యుండుటచేత, అది నేటికిని ఆ దీవి యిండ్లలో నుండుటయేగాక, పరదేశమునకు పోవువారి పెట్టెలలోను పోవుచున్నది. ఇట్టి పని మన పాఠశాల చేయలేనిదా? ఈ పత్రిక వచ్చు సంచికలో రెండు పుటలు ఇందుకై విడువవలెనని సంపాదకవర్గమును కోరుచున్నాము. విద్యార్థులు తమ తల్లుల నడిగి, కొలతలతో సహా వ్రాసి తేవలెను. సంకటి, ఎండుచేపల పులుసు మొదటి పుటలో వేయుదము.