బాడుగ ఇంట్లో బిగించిన సామాను ఎవరిది?

ఇల్లు ఖాళీ చేసే రోజున వచ్చే తగాదా సాధారణంగా బాడుగ గురించి రాదు. ఒక ఫ్యాను గురించి, ఒక కుళాయి గురించి, గోడకు బిగించిన ఒక చెక్క అలమారా గురించి వస్తుంది. ఆదోనిలోనైనా, ఎమ్మిగనూరులోనైనా, నందవరం వంటి మండల కేంద్రంలోనైనా ఇదే తంతు. “నా డబ్బుతో కొన్నాను, విప్పుకొని పోతాను” అంటాడు కిరాయిదారు. “గోడకు తగిలించినదేదైనా ఇంటిదే” అంటాడు యజమాని. అడ్వాన్సులో కోత పడుతుంది. ఐదేళ్ళు ఒకరికొకరు సలాం చెప్పుకున్నవారు జుమా నమాజులో ఒకే సఫ్‌లో నిలబడి మొహాలు తిప్పుకుంటారు. ఇది చిల్లర విషయమని పెద్దలు తోసిపుచ్చుతున్నారు. మేము అలా అనుకోవడం లేదు. పరాయి సొత్తు పది రూపాయలదైనా పరాయి సొత్తే.

మన ఫిఖ్హ్ గ్రంథాలలో ‘ఇజారా’కు ప్రత్యేక అధ్యాయమే ఉన్నది. మదరసాలలో చదివే ‘హిదాయా’లో దానికి చాలా పుటలు కేటాయించారు. ఇజారా అంటే వస్తువును అమ్మడం కాదు, దానివల్ల కలిగే ప్రయోజనాన్ని అమ్మడం. ఇల్లు యజమానిదే. అందులో నివసించే సౌకర్యాన్ని మాత్రం ఆయన నెలకింత అని అమ్ముకున్నాడు. మిద్దె కురుస్తూ ఉంటే, నీళ్ళ గొట్టం పగిలిపోతే, తలుపు గడియ పడకపోతే ఆయన తాను అమ్మిన సరుకును పూర్తిగా ఇవ్వలేదన్న మాట. బాడుగ మాత్రం పూర్తిగా పుచ్చుకోవడం ఏ విధంగా న్యాయం?

హనఫీ మస్‌అలాలను 1869 నుండి 1876 వరకు ఉస్మానియా రాజ్యంలో ‘మజల్లా’ పేరుతో చట్టంగా కూర్చారు. ఇంటి కట్టడం, నీటి దారులు, గొట్టాలు, నివాసానికి అడ్డుపడే ప్రతి లోపం బాగు చేయించే బాధ్యత యజమానిదేనని దాని 529వ అధికరణం చెబుతున్నది. ఆయన చేయించకపోతే కిరాయిదారు ఇల్లు వదిలి పోవచ్చు. అయితే ఆ లోపాన్ని కళ్ళారా చూసి ఒప్పుకొని చేరినవాడికి ఆ హక్కు లేదు. ఇక్కడ కిరాయిదారులు జాగ్రత్తగా వినవలసిన మాట ఒకటున్నది. యజమానిని అడగకుండా తన ఇష్టానికి మరమ్మతు చేయిస్తే అది ‘తబర్రు’, అంటే స్వచ్ఛందంగా చేసిన ఉపకారం. ఆ ఖర్చు తిరిగి అడగడానికి వీలు లేదు. అనుమతితో పైకప్పు బాగు చేయిస్తే మాత్రం ముందుగా షరతు లేకపోయినా ఖర్చు రాబట్టుకోవచ్చు. తన సౌకర్యం కోసం రొట్టెల పొయ్యి కట్టించుకుంటే, ముందుగా మాట్లాడుకుంటే తప్ప రాదు. నూటయాభై ఏళ్ళ నాటి ఈ పొయ్యి స్థానంలో నేటి గీజరును, కూలరు స్టాండును పెట్టి చదువుకోండి, లెక్క సరిపోతుంది.

మన దేశ చట్టం కూడా దాదాపు ఈ దారిలోనే నడుస్తున్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, కిరాయిదారు తాను బిగించిన సామాను విప్పుకొని పోవచ్చు. కాని రెండు షరతులున్నాయి. ఇల్లు తన స్వాధీనంలో ఉండగానే విప్పుకోవాలి, చేరిన నాడు ఇల్లు ఎలా ఉన్నదో అలా అప్పగించాలి. వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకు అతడు బాధ్యుడు కాడు. పదేళ్ళ నాటి సున్నం వెలిసిపోయిందని అడ్వాన్సులో పట్టుకునే యజమానులు ఈ మాట గమనించాలి. యజమాని తాను చేయవలసిన మరమ్మతును కబురందిన తరువాత తగిన గడువులో చేయకపోతే, కిరాయిదారే చేయించి బాడుగలో మినహాయించుకోవచ్చునని కూడా అదే సెక్షను అంటున్నది. ఇక్కడ ఫిఖ్హ్‌కు, చట్టానికి కొంచెం తేడా కనిపిస్తుంది. దాని మీద వాదులాడుకోవడం కంటే, కబురు చేయడం, అనుమతి తీసుకోవడం, రసీదు దాచడం అనే మూడు పనులు చేస్తే రెండింటి ప్రకారమూ నిశ్చింతగా ఉండవచ్చు.

2021లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు ఒక నమూనా అద్దె చట్టం పంపింది. రాష్ట్రం చట్టం చేసుకుంటే తప్ప అది అమలు కాదు గాని, అందులోని పట్టిక ఒప్పందం రాసుకునేవారికి పనికి వస్తుంది. కట్టడం మరమ్మతు, సున్నం, రంగులు, గొట్టాల మార్పిడి, కరెంటు వైరింగు యజమాని వంతు. కుళాయి వాషరు, స్విచ్చి, సాకెట్టు, కిటికీ అద్దం, తలుపు పిడి, కాలువ శుభ్రం కిరాయిదారు వంతు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి మగ్గం గుంత. ఎమ్మిగనూరు చేనేతకు పేరుపడ్డ ఊరు. బాడుగ ఇంట్లో గుంత తవ్వి మగ్గం వేసుకునే నేతగాడు మగ్గం తీసుకుపోతాడు, గుంత మిగిలిపోతుంది. పూడ్చి, బండలు పరిచి ఇవ్వడం అతని బాధ్యతే. యజమాని వచ్చేవాడు కూడా నేతగాడేనని గుంతను ఉంచుకోవాలనుకుంటే, పూడ్చనందుకు అడ్వాన్సులో కోయడం అన్యాయం. గోషా కోసం వాకిట్లో కట్టిన తడక కూడా అంతే. కిరాయిదారు కట్టిన కట్టడాన్ని యజమాని తీసేయమనవచ్చు, లేదా వెల ఇచ్చి ఉంచుకోవచ్చు. ఊరికే ఉంచుకోవడమనే మూడో దారిని మజల్లా చూపలేదు.

పత్తి ఏరడానికి, మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోయే కుటుంబాల సంగతి మరొకటి. నెలల తరబడి ఇంటికి తాళం వేసి ఉంటుంది. తాళం చెవి తన దగ్గరే పెట్టుకున్నాడు గనుక, ఉండకపోయినా బాడుగ చెల్లించవలసిందే. అలాగే యజమాని ఆ తాళం తీసి లోపల తన పత్తి బస్తాలు వేయించకూడదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని, నదీతీర పల్లెలను ముంచినప్పుడు ఏర్పడినది వేరే పరిస్థితి. నివాసయోగ్యం కాని ఇంటికి బాడుగ అడగడం ఇజారా అర్థానికే విరుద్ధం. వరద పాడు చేసిన తలుపులకు కిరాయిదారును పట్టుకోవడం అంతకంటే విరుద్ధం.

నీళ్ళు, కరెంటు ఆపి ఇల్లు ఖాళీ చేయించే పద్ధతిని 1960 నాటి ఆంధ్రప్రదేశ్ బాడుగ నియంత్రణ చట్టమే నిషేధించింది. నష్టం చేయరాదు, నష్టానికి బదులు నష్టమూ చేయరాదని ప్రవక్త (స) బోధించారు. పోతూ పోతూ స్విచ్చిబోర్డులు పీకుకొనిపోయే కిరాయిదారుకు కూడా ఈ బోధన వర్తిస్తుంది.

మసీదు కమిటీలు, ముతవల్లీలు కూడా ఇంటి యజమానులేనన్న సంగతి మనం మరచిపోతున్నాము. వఖ్ఫ్ ఆదాయంలో మొదటి ఖర్చు ఆ ఆస్తి మరమ్మతుకేనని, వాఖిఫ్ ఆ షరతు పెట్టకపోయినా అంతేనని హిదాయాలో ఉన్నది. జల్సాకు షామియానా వేయించే ముందు, వఖ్ఫ్ గదిలో కారుతున్న మిద్దె కింద గిన్నెలు పెట్టుకున్న వితంతువు సంగతి కమిటీవారు చూడాలి.

అప్పు వ్యవహారాలను రాసిపెట్టుకోవాలని సూరా బఖరా 282వ ఆయత్‌లో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. అడ్వాన్సు యజమాని మీద ఉన్న అప్పు కాక మరేమిటి? ఇంట్లో చేరిన రోజునే ఒక కాగితం మీద ఫ్యాన్లు ఎన్ని, లైట్లు ఎన్ని, కుళాయిలు ఎన్ని, తాళం చెవులు ఎన్ని, మోటారు ఎవరిది, ఏ గోడకు పగులు ఉన్నది అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. తరువాత బిగించిన ప్రతి సామానూ ఎవరిదో ఆ కాగితంలోనే తేదీతో చేర్చాలి. రెండు ప్రతులు ఉండాలి. కిరాయిదారు ప్రతి ఇంట్లోని ఆడవారి చేతికి అందాలి. మగవారు సుగ్గికి పోయినప్పుడు కుళాయి విరిగితే యజమాని ఇంటికి వెళ్ళి మాట్లాడవలసింది వారే.