గేటు దగ్గర దయ వద్దు, రూలు చాలు

మా అమ్మకి శ్రీశైలం నడిచి వెళ్తానని మొక్కు. నాన్నకి గుండె ఆపరేషన్ అయిన ఏడాది మొక్కుకుంది. బస్సెక్కితే పెద్ద పనేం కాదు. తుళ్లూరులో పొద్దున్నే బయల్దేరి నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, దోర్నాల మీదుగా అదే రోజు కొండ చేరొచ్చు. "బస్సులో పోతే నేను చేసిందేముందిరా, డ్రైవరు చేసిందేగా" అంటుంది.

నల్లమల అడవిలో నడకదారి ఉందనీ, శివరాత్రికీ ఉగాదికీ జనం ఆ దారినే వెళ్తారనీ అమ్మకి తెలుసు. కానీ ఆ రోజుల్లోనే మాకు మిరప కోతలు. ఉన్న పొలం రాజధానికి పోగా, కౌలుకు తీసుకుని చేస్తున్న రెండెకరాలు. కాయ కోసి, కల్లంలో ఎండబెట్టి, గుంటూరు యార్డులో అమ్మి లెక్క చూసుకునేసరికి ఎండాకాలం. అప్పుడు బయల్దేరాం.

ఏ గేటో చెప్పను. గేటు దగ్గర ఆఫీసుకి వెళ్లమన్నారు. ఆఫీసులో ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. అక్కడ "పైనుంచి లెటర్ తెచ్చుకోండి" అన్నారు. ఏ పైన? ఎవరికి రాయాలి? ఎంత కట్టాలి? జవాబు లేదు. కాసేపటికి ఒకాయన జాలిపడి గొంతు తగ్గించి, "ఎవరితోనన్నా చెప్పించుకోండి" అన్నాడు. మేం అక్కడ నిలబడి ఉండగానే ఒక జీపు వచ్చింది, ఒక ఫోన్ మోగింది, గేటు లేచింది.

"మనకి చెప్పేవాళ్లు లేరు గదా" అని అమ్మ చెప్పుల్లో పడ్డ ఇసుక దులుపుకుంది. అంతే. తిరిగొచ్చేశాం.

ఇది చెప్తే హైదరాబాద్‌లో నా ట్రెకింగ్ మిత్రులు నవ్వారు. "పర్మిషన్ అడగడమే నీ తప్పు. గేటు పక్కనుంచి దూరితే సరిపోయేది. జీపీఎస్ ట్రాక్ పంపిస్తా, అమ్మని తీసుకెళ్లు" అన్నారు. అడవి ఎవడబ్బ సొత్తు, ప్రకృతి అందరిదీ అని ఉపన్యాసం కూడా. నా గొడవ గేటుతో ఎంతుందో ఈ మాటతోనూ అంతే ఉంది.

అడవికి వెళ్లడానికి అనుమతి అడగాల్సిందే. నల్లమల ఖాళీ కొండ కాదు, పులుల అభయారణ్యం. 1983 నుంచి నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్. రాత్రయితే దోర్నాల ఘాట్ రోడ్డుకే గేటు వేస్తారు, జంతువులు రోడ్డు దాటాలి కాబట్టి. రోడ్డు మీద బస్సుకే ఆ పద్ధతి ఉంటే, అడవి మధ్యలో నడిచే మనకి లేకపోతే ఎలా? ప్రకృతి అందరిదీ అన్న ప్రతివాడూ ఒక నీళ్ల సీసా వదిలేసి వస్తే అక్కడ మిగిలేది ఎవరిది?

2024 జనవరిలో రిపబ్లిక్ డే సెలవులకి కర్ణాటకలో కుమార పర్వతం మీద జనం తిరునాళ్లలా నిలబడ్డ వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఆ దెబ్బతో అక్కడ ట్రెకింగ్ ఆపేశారు, తర్వాత ఆన్‌లైన్ బుకింగ్ పెట్టారు. మన ట్రెకింగ్ గుంపులు దాన్ని స్వేచ్ఛ మీద దాడి అన్నాయి. నాకైతే అసూయ వేసింది. అక్కడ కనీసం ఒక రూలు పుట్టింది.

నేను పోట్లాడేది అనుమతి వద్దని కాదు. మన దగ్గర దాని పేరు అనుమతి, ఆచరణలో అది దయ.

చట్టం ఏమంటుందో చూడండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లగలిగేవాళ్లు కొద్దిమందే. డ్యూటీలో ఉన్న ప్రభుత్వోద్యోగి, లోపల ఉండటానికి అనుమతి ఉన్నవాళ్లు, అక్కడ ఆస్తి హక్కున్నవాళ్లు, పబ్లిక్ రహదారి మీద పోయేవాళ్లు, వీళ్లలో మొదటి మూడు రకాలవాళ్లమీద ఆధారపడ్డవాళ్లు. మిగతావాళ్లకి 28వ సెక్షన్ కింద పర్మిట్ ఇవ్వొచ్చు. ఎందుకోసం? వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోగ్రఫీ, శాస్త్ర పరిశోధన, పర్యాటకం, లోపల ఉండేవాళ్లతో చట్టబద్ధమైన పని. ఈ ఐదే. పర్యాటకం ఉంది, అందుకే తుమ్మలబయలులో జీపు సఫారీకి దర్జాగా టికెట్ ఉంది. మొక్కు లేదు. కాలినడకన వచ్చే మా అమ్మ ఏ గడిలోకీ రాదు. పండగకి దారి తెరిచినప్పుడు భక్తురాలు, మిగతా ఏడాదంతా చొరబాటుదారు.

దారి పాతది కాబట్టి తెరిచేయమని నేను అడగను. పాతదే. 14వ శతాబ్దంలో అద్దంకి నుంచి ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. అంతకుముందే పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం రాశాడు. మా వైపునుంచి వెళ్లేవాళ్లకి త్రిపురాంతకం తూర్పు ద్వారం. కానీ ఆ రోజుల్లో యాత్రికుడి మూటలో ప్లాస్టిక్ లేదు, అడవికి ఇంత కరువూ లేదు. సంప్రదాయం పేరు చెప్పి రూలు తప్పించుకోవడం కూడా ఒకరకం చెప్పించుకోవడమే. కాకపోతే దేవుడితో.

మరి రూలంటే ఎలా ఉండాలి? కాలిఫోర్నియాలో ఉన్న మా పెదనాన్న కొడుకు మౌంట్ విట్నీ ఎక్కడానికి ఏటా లాటరీ వేస్తాడు. మే 1 నుంచి నవంబరు 1 దాకా రోజుకి 100 మంది ఒక్కరోజు నడకకి, 60 మంది కొండమీద రాత్రి ఉండటానికి. మలం కూడా సంచిలో కట్టుకుని కిందికి తేవాలి. వాడికి రాని ఏడు తిట్టుకుంటాడు, కానీ అవమానపడడు. ఎందుకు రాలేదో తెలుసు కాబట్టి. లాటరీ అంటే మా ఊరికి కొత్తేం కాదు. 2015లో భూములిచ్చి, తర్వాత లాటరీలో ప్లాటు నంబర్లు తీసుకున్న జనం మేం. మంచి ప్లాటు రానివాళ్లు గొణిగారు. అయినా కంప్యూటర్ ముందు అందరూ ఒకే వరసలో కూచున్నారు.

రాసిన రూలుకి ఇంకో గుణముంది. దాంతో పోట్లాడొచ్చు. కేరళలో అగస్త్యకూడం ఎక్కడానికి ఆడవాళ్లని రానిచ్చేవాళ్లు కాదు. వాళ్లు హైకోర్టుకి వెళ్లారు. 2018లో తీర్పొచ్చింది, 2019 జనవరిలో కొండెక్కారు. గేటు దగ్గర నోటిమాటగా అన్న "కుదరదమ్మా"ని ఏ కోర్టులో వేస్తాం?

నేనడిగేది పెద్దదేం కాదు. ఏ నెలల్లో దారి తెరుస్తారు, రోజుకి ఎంతమంది, రుసుమెంత, ఏం తీసుకెళ్లకూడదు అన్నది తెలుగులో బోర్డు రాసి గేటు దగ్గర పెట్టండి. కాదంటే ఎందుకు కాదో కాగితం మీద ఇవ్వండి. అన్నీ ఆన్‌లైన్‌లో పెట్టేస్తే ఫోన్ తిప్పడం రాని అమ్మలకి అదో కొత్త గేటు, అందుకని కొన్ని పర్మిట్లు పొద్దున్నే వరసలో నిలబడ్డవాళ్లకి ఉంచండి. ప్రతి గుంపుకీ ఒక చెంచు మనిషిని దారి చూపడానికి కూలి ఇచ్చి పెట్టండి. మల్లన్నని అల్లుడని పిలుచుకునే జనం వాళ్లు. వాళ్ల అడవిలో నడవడానికి అందరినీ అడిగి, వాళ్లనొక్కళ్లనే అడగకపోవడం ఏం పద్ధతి?

తర్వాత ఎప్పుడో చదివితే తెలిసింది, ఎండాకాలంలో నల్లమల ఎండుటాకులకి నిప్పు భయం ఎక్కువని, అప్పుడు మనుషుల్ని లోపలికి పంపడం మంచిది కాదని. ఎంత సబబైన కారణం! మిరప కల్లంలో నిప్పురవ్వ పడితే ఏమవుతుందో అమ్మకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ఒక్క ముక్క గేటు దగ్గర ఎవరన్నా అని ఉంటే దండం పెట్టి వెనక్కి తిరిగేది. ఆ రోజు అన్ని గుమ్మాలు ఎక్కి దిగితే ఒక్కరూ అనలేదు. మాకు దొరికింది "చెప్పించుకోండి".

వచ్చే శివరాత్రికి కోతలకి మనుషుల్ని పెట్టి నడుద్దాం అంటోంది అమ్మ. కూలి లెక్క నేనే వేశాను. మొక్కు ఖర్చు కంటే అదే ఎక్కువ తేలింది. అయినా సరేనంది. "పండగప్పుడైతే ఎవర్నీ బతిమాలక్కర్లేదుగా" అంది.