మా అమ్మాయి ఏ గడిలో టిక్కు పెట్టాలి?

2025 అక్టోబరులో ఒక రాత్రి హైదరాబాద్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. గొంతులో ఏదో నసుగుడు. "అమ్మా, ఆఫీసులో ఇన్సూరెన్స్ మార్పులకి శుక్రవారం వరకే టైముంది. పేరెంట్స్ ఆప్షన్ ఒక్క సెట్టుకే ఇస్తారు. అమ్మానాన్నలన్నా పెట్టాలి, అత్తామామలన్నా పెట్టాలి" అంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

విషయం నాకర్థమైంది. అల్లుడు పనిచేసే చిన్న కంపెనీలో తల్లిదండ్రులకి ఏ పాలసీ లేదు. వియ్యంకుడుగారికి గుండెలో స్టెంటు వేసి మూడేళ్ళయింది. ఆయనకి బయట పాలసీ ఇచ్చేవాళ్ళు దొరకడమే కష్టం. పెళ్ళికి ముందు నుంచీ ఆ గడిలో ఉన్నది నా పేరు. "వాళ్ళని పెట్టెయ్యి" అన్నాను. ఆ మాట అనడానికి నాకు అరనిమిషం కూడా పట్టలేదు. అంత తేలిగ్గా ఎలా అనేశానా అని ఆ రాత్రంతా నిద్రపట్టలేదు.

తేలిగ్గా అనగలిగానంటే అలా అనడం నాకు అలవాటు కాబట్టి. మా అమ్మ కూడా అలాగే అనేది. ఆడపిల్ల తల్లి వెనక్కి తగ్గడంలో వింతేముంది? అయితే ఇక్కడ మనల్ని తగ్గమన్నది వియ్యపురాలు కాదు, పెద్దమనుషులు కాదు, కంప్యూటరు తెరమీద ఒక ఫారం! అది చాలా మర్యాదగా, చాలా ఆధునికంగా అడుగుతోంది, "మీరే ఎంచుకోండి" అని. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకంలో అమ్మానాన్నలా, అత్తామామలా అనే ఎంపిక చాలాకాలంపాటు మహిళా ఉద్యోగులకి మాత్రమే ఉండేది. మగ ఉద్యోగిని ఎవరూ అడగలేదు. అతనికి అమ్మానాన్నలే, అందులో అడగడానికేముంది? దాన్ని ఆడవాళ్ళకిచ్చిన హక్కుగా చెప్పుకున్నాం. నిజానికి అది ఆడదాన్ని మాత్రమే అడిగిన ప్రశ్న. ఇప్పుడు మా అమ్మాయి కంపెనీలో మగవాళ్ళకీ ఆ రెండు గడులూ ఉన్నాయట. మీ టీములో ఎంతమంది మగపిల్లలు అత్తామామల గడిలో టిక్కు పెట్టారని అడిగాను. నవ్వేసింది.

సరే, నా దారి నేను చూసుకోవాలి కదా. నాకు 66 ఏళ్ళు. ముప్పయ్యేళ్ళు ప్రైవేటు జూనియర్ కాలేజీల్లో తెలుగు చెప్పాను, ఎక్కువ కాలం ఏలూరులో. ప్రభుత్వోద్యోగం కాదు కాబట్టి హెల్త్ కార్డు లేదు. పీఎఫ్ పెన్షన్ నెలకి 2,300 రూపాయలు వస్తుంది. తాడేపల్లిగూడెంలో ఉన్న రెండు గదుల ఇల్లు మా ఆయన పోయాక నా పేరనే ఉంది. 70 దాటితే అందరికీ ఇచ్చే ఆయుష్మాన్ కార్డుకి ఇంకా నాలుగేళ్ళుంది. పాత విద్యార్థి ఒకతను ఏజెంటుగా చేస్తున్నాడంటే రమ్మన్నాను.

వస్తూనే శుభవార్తలు చెప్పాడు. 2024 నుంచి వయసు అడ్డం లేదట. అంతకుముందు 65 దాటినవాళ్ళకి ఇచ్చి తీరాలనే నియమం కంపెనీలకి లేదు. ముందే ఉన్న జబ్బులకి నాలుగేళ్ళు ఆగాల్సింది మూడేళ్ళకి తగ్గించారు. 2025 జనవరి నుంచి పెద్దవాళ్ళ ప్రీమియాన్ని ఏడాదికి పదిశాతం మించి పెంచాలంటే నియంత్రణ సంస్థతో ముందు సంప్రదించాలి. సెప్టెంబరు 22 నుంచి 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు. "ఇంతకంటే మంచి టైము రాదు మేడమ్" అన్నాడు. అన్నీ నిజమే, కాదనను. ఎవరో పోరాడితేనే వచ్చి ఉంటాయి ఇవి.

ఆ తర్వాత ఫారం తీశాడు. ఎత్తు, బరువు, బీపీ, సుగరు. "గతంలో ఏమైనా ఆపరేషన్లు అయ్యాయా?"

1995లో నాకు గర్భసంచి తీసేశారు. అప్పటికి 36 ఏళ్ళు. నెలనెలా రక్తం ఎక్కువగా పోతోందని ఒక నర్సింగ్‌హోమ్‌కి వెళ్తే, పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకది అని తేల్చేశారు. మరో డాక్టరుని అడగాలని అప్పుడు నాకు తెలియదు. అండాశయాలు ఉంచారో తీసేశారో ఇప్పటికీ తెలియదు. కాగితాలు లేవు, ఆ నర్సింగ్‌హోమూ లేదు. ఇదేం నా ఒక్కదాని కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. దేశంలో మొదటి స్థానం మనదే! అండాశయాలు కూడా పోయినవాళ్ళకి ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అంటే ముప్పయి అయిదేళ్ళకి ఆసుపత్రి డబ్బు చేసుకున్న ఒళ్ళు, అరవై అయిదేళ్ళకి బీమా కంపెనీ దగ్గర "రిస్కు" అవుతుంది. రెండుసార్లూ బిల్లు మనదే.

"రాయకండి మేడమ్, ముప్పయ్యేళ్ళ కిందటిది ఎవరు చూస్తారు? సుగరు కూడా బోర్డర్లోనే కదా" అన్నాడు మా శిష్యుడు. దుర్మార్గుడేం కాదు. పాలసీ అయితే అతనికి కమీషను, నాకు ప్రీమియం తగ్గుదల. నేను మాత్రం రాయమన్నాను, ఎందుకంటే మా పిన్ని సంగతి నాకు తెలుసు.

మా పిన్నిది కైకలూరు అవతల కొల్లేరు లోపలి ఊరు. బాబాయి పేర సొసైటీ చెరువులో వాటా ఉండేది. పిన్ని పేర ఏమీ లేదు, గట్టుమీద కాపలాకీ చేపల మేత కలపడానికీ మాత్రం పిన్నే. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని అయిదో కాంటూరు లోపలి చెరువుల గట్లన్నీ పేల్చేసినప్పుడు వాటా పోయింది. సరస్సు బతకాలి, నేనూ ఒప్పుకుంటాను. ఎవరి చెరువులు పోయి ఎవరివి మళ్ళీ లేచాయన్నది వేరే వ్యాసం. తమ్ముడు చదువుకుని హైదరాబాద్ వెళ్ళాడు, మంచి జీతం. సచివాలయం లెక్కల్లో తల్లీకొడుకులు ఒకే కుటుంబంగా మ్యాపయి ఉన్నారు. అతని జీతం ఈమె ఇంటి ఆదాయం అయిపోయి, ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకిచ్చే ఆరోగ్యశ్రీ పోయింది. ఆ జీతంలో రూపాయి కూడా పిన్ని చేతికి నేరుగా వచ్చింది లేదు.

అందుకే తమ్ముడు 2020లో తల్లికి ప్రైవేటు పాలసీ కట్టాడు. ఫారం నింపింది ఏజెంటు. సంతకం పెట్టమంటే పిన్ని పెట్టింది. 2023లో కాలికి మేకు గుచ్చుకుని చీముపట్టి ఏలూరులో ఒక ఆసుపత్రిలో చేరింది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు "సుగర్ ఎన్నాళ్ళనుంచమ్మా?" అని అడిగాడు. "పదేళ్ళయ్యుంటది బాబూ" అంది. అదే కేసుషీటులో ఎక్కింది. పదేళ్ళు అవునో కాదో ఆవిడకీ తెలియదు. మన ఆడవాళ్ళు జబ్బుల్ని లెక్కపెట్టేది అలాగే కదా, పెద్దమ్మాయి పెళ్ళప్పటి నుంచీ అనో, ఉప్పెన ఏడాది నుంచీ అనో. ఫారంలో సుగర్ దగ్గర "లేదు" అని ఉంది. దాచిపెట్టి పాలసీ తీసుకున్నారని క్లెయిము కొట్టేశారు. పాలసీ రద్దయింది, కట్టిన ప్రీమియాలు పోయాయి. లక్షా ఎనభై వేల బిల్లుకి పిన్ని గొలుసూ రెండు జతల గాజులూ బ్యాంకులోకి వెళ్ళాయి. అయిదేళ్ళు ఆగకుండా కట్టిన పాలసీని, మోసం రుజువైతే తప్ప, దాచారన్న కారణంతో ప్రశ్నించకూడదని 2024లో నియమం వచ్చింది. అంతకుముందు అది ఎనిమిదేళ్ళు. ఏ లెక్కన చూసినా పిన్ని మూడేళ్ళకి అది వర్తించదు. బీమా అంబుడ్స్‌మన్‌కి రాద్దాం, ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు అని నేను ఎంత చెప్పినా తమ్ముడు వినలేదు. "ఎందుకక్కా ఈ గొడవలు" అన్నాడు. ఏడాది గడువు దాటిపోయింది. గొలుసు అతనిది కాదు కదా!

పిన్ని నన్నడిగిన మాట ఒకటుంది. "అబద్ధం రాసింది ఆడు. నిజం చెప్పింది నేను. దొంగని నేనెలా అయ్యానే?" దీనికి నా దగ్గర జవాబు లేదు. ఏ చదువూ లేని మనిషి తెలుగులో చెప్పిన నిజానికీ, ఇంగ్లీషులో ఎవరో నింపిన అబద్ధానికీ పోటీ వస్తే కాగితమే గెలిచింది. పాలసీ ఇచ్చేముందు ఆ ప్రశ్నలన్నీ ఆమె భాషలో ఆమెకి చదివి వినిపించి, ఆమె జవాబుల్ని ఆమె గొంతుతోనే రికార్డు చెయ్యడానికి కంపెనీలకి అడ్డమేమిటి? ప్రీమియం గడువు గుర్తుచెయ్యడానికి తెలుగులో ఫోన్లు బాగానే చేస్తారే!

ఈ మధ్య ఏలూరులో ఒక చిన్న సమావేశంలో మిత్రురాలొకామె, ప్రతి స్త్రీ తన పేర ఒక ఆరోగ్య పాలసీ తీసుకోవాలి, అదే వృద్ధాప్యంలో అసలైన స్వేచ్ఛ అని మాట్లాడింది. అందరం చప్పట్లు కొట్టాం, నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక నామీద నాకే చిరాకేసింది. సొంత గది, సొంత సంపాదన అని మనం మాట్లాడుకున్న మాటలనే ఇప్పుడు బీమా ప్రకటనల వాళ్ళు మాట్లాడుతున్నారు, మనం వాళ్ళకి వంత పాడుతున్నాం. తివాచీలు నేసి వేళ్ళు వంకర్లు పోయిన ఏలూరు ఆడవాళ్ళకి, గూడెం ఉల్లి మార్కెట్లో గ్రేడింగుకి కూచునే ఆడవాళ్ళకి ఏ పాలసీ ఎంచుకోమని చెబుదాం? ఆ పాలసీలయినా ఏమిస్తాయి? బీమా నియంత్రణ సంస్థ 2020 ఏప్రిల్‌లో అన్ని కంపెనీలూ ఒకేలా అమ్మాలని తెచ్చిన ఆరోగ్య సంజీవని చూడండి. శుక్లాలకి కంటికి 40 వేలో, బీమా మొత్తంలో పావువంతో, ఏది తక్కువైతే అది. గది అద్దె మొత్తంలో రెండు శాతమే, అదీ 5 వేలు మించకుండా. లక్ష పాలసీ ఉన్నామె 2 వేల గది దొరక్క 4 వేల గదిలో చేరితే గది అద్దెలోనే కాదు, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు లాంటి ఖర్చుల్లో కూడా సగం కోస్తారు. గర్భసంచి ఆపరేషన్‌కి రెండేళ్ళు, మోకాళ్ళకి ఇంకా ఎక్కువ ఆగాలి. రోజూ మింగే బీపీ మాత్రలకి మామూలు పాలసీలో పైసా రాదు. ముసలి ఆడవాళ్ళ జబ్బుల్లో ఎక్కువ భాగం ఆసుపత్రిలో పడుకోబెట్టేవి కావు, ఇంట్లోనే మోసుకు తిరిగేవి.

నా మాటలో వైరుధ్యం లేదనను. నేను పాలసీ తీసుకున్నాను. ఉన్నవన్నీ రాయించినందుకు లోడింగ్ వేసి, 5 లక్షలకి ఏడాదికి 41 వేలు అన్నారు. నా ఏడాది పెన్షన్ 27,600. మిగతాది ట్యూషన్లు చెప్పి కడతాను. భయపడి తీసుకున్నాను. దాన్ని స్వేచ్ఛ అని మాత్రం అనొద్దంటున్నాను.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. అప్పుడు ఊరు ఊరంతా పరిగెత్తింది ప్రభుత్వాసుపత్రికే. ముందే ఉన్న జబ్బేమిటని, ఏ గడిలో ఉన్నావని అక్కడ ఎవరూ అడగలేదు. కార్డులిస్తే చాలనుకునేవాళ్ళు ఒకటి గుర్తుచేసుకోవాలి. 2025 అక్టోబరులో బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు ఎన్టీఆర్ వైద్యసేవ ఆపేసినప్పుడు, కార్డు చేతిలో ఉన్నవాళ్ళూ వెనక్కి తిరిగొచ్చారు. మన డబ్బు ఆ పెద్దాసుపత్రి మీద, మండలంలో ఉన్న ఆరోగ్య కేంద్రం మీద పెట్టమని మనం ఎందుకు గట్టిగా అడగడం లేదు? స్త్రీల పత్రికల్లో కూడా "ఏ పాలసీ మంచిది" అనే ప్రశ్నే ఎందుకొస్తోంది?

70 దాటినవాళ్ళ కార్డు సంగతి కూడా చెప్పాలి. 2024 అక్టోబరు 29న మొదలైంది, ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షలు. మంచి పథకం. పిన్నికి వచ్చేస్తుందని సంబరపడి నేనే బయల్దేరి వెళ్ళాను. వయసుకి ఆధారం ఆధార్ ఒక్కటే. ఆధార్‌లో పిన్ని పుట్టినరోజు 1959 జనవరి 1. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు జనవరి ఒకటినే పుట్టారు! 1977 నవంబరు ఉప్పెన నాటికి రెండో పిల్ల ఒళ్ళో ఉందని పిన్ని చెబుతుంది. అంటే ఆధార్ ప్రకారం పద్దెనిమిదేళ్ళకే ఇద్దరు బిడ్డల తల్లి. మన ఊళ్ళలో అదీ అసాధ్యం కాదనుకోండి, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. పిన్ని లెక్కన ఆవిడకి 71 దాటాయి. పుట్టిన తేదీ మార్చాలంటే జనన ధృవీకరణ పత్రమో పదో తరగతి సర్టిఫికెట్టో కావాలి. బడి ముఖం చూడని మనిషి సర్టిఫికెట్టు ఎక్కణ్ణుంచి తెస్తుంది? బాబాయికి బడి సర్టిఫికెట్టుండేది. ఆయన 2016లోనే పోయాడు.

ఆధార్ కేంద్రంలో కుర్రాడు పాపం ఓపిగ్గానే విన్నాడు. ఉప్పెన కథంతా విని, "అది ప్రూఫ్ కాదు మామ్మగారూ" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పిన్ని నా పాలసీకి ఎంతయిందని అడిగింది. చెప్పాను. కాసేపు వేళ్ళమీద ఏదో లెక్కేసుకుని, "మీ అమ్మాయి చూసుకోదా?" అంది. ఆ గడి సంగతి చెప్పాను. పిన్ని మెచ్చుకోలేదు, తప్పూ పట్టలేదు. "మీ అల్లుడు నీతో మాట్లాడాడా?" అని మాత్రం అడిగింది.

మాట్లాడలేదు. మంచివాడే, పండక్కొస్తే గిన్నెలు కూడా కడుగుతాడు. కానీ మూడేళ్ళనుంచీ నాన్నకి పాలసీ ఎక్కడా దొరకడంలేదన్న దిగులు అతనిదైతే, దానికి దారి వెతికిందీ నన్నడగడానికి నసిగిందీ మా అమ్మాయి. వచ్చే అక్టోబరులో ఆ ఫారం మళ్ళీ తెరుస్తారట. ఆ గడిలో ఎవరి పేరు పెట్టుకున్నా నాకభ్యంతరం లేదు, నాకు ఫోన్ చేసి చెప్పే పని మాత్రం ఈసారి అతన్ని చెయ్యమన్నాను.